హీటర్ కోర్ లీకైతే ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

కారు తలుపు తీయగానే తియ్యటి వాసన కొడుతుంది. ముందు ఎడమ సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉంటుంది. ముందు అద్దాన్ని లోపలి నుంచి ఎంత తుడిచినా జిడ్డు పొర మళ్లీ పడుతుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిపోతూ ఉంటుంది కానీ బండి కింద చుక్క కనబడదు. ఈ నాలుగూ ఒకేసారి కనబడితే అది దాదాపు హీటర్ కోరే.

మన దిక్కు ఈ పార్టు బండిలో ఉన్నదనే చాలామందికి తెలియదు. డ్యాష్‌బోర్డ్ వెనకాల, గాలి వచ్చే ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని ఉండే చిన్న రేడియేటర్ ఇది. ఇంజిన్ నుంచి వేడి కూలెంట్ ఒక పైపులో వచ్చి దీంట్లో తిరిగి ఇంకో పైపులో వెనక్కి పోతుంది. బ్లోయర్ గాలి దీని మీదుగా వస్తే వెచ్చగా వస్తుంది. చాలా కార్లలో నాబ్ నీలం వైపు పెట్టినా కూలెంట్ తిరగడం ఆగదు, గాలి దారిలో ఉండే పలక మాత్రమే మూసుకుంటుంది. అందుకే ఒక్కరోజు కూడా హీటర్ వేయనివాళ్ల బండిలోనూ ఇది పాడవుతుంది.

నేను దేవరకొండలో ఉంటాను, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మాది పాత చిన్న కారు, ఎయిర్‌బ్యాగులు లేని కాలం నాటిది. మా చిన్నాయన ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం కలిసి ఇంటి ముందు వేపచెట్టు కింద ఈ పని చేశాం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు నన్ను చాలామంది అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. మెకానిక్ కూడా అదే అన్నాడు: "మేడం, మన దిక్కు హీటర్ ఎవరు వాడతరు? బైపాస్ కొట్టేస్తే ఐపాయె." అంటే కోర్‌కు పోయే రెండు పైపులను ఇంజిన్ దగ్గరే ఒకదానికొకటి కలిపేయడం. ఎండలు 45 డిగ్రీలు దాటే జిల్లాలో ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ వానాకాలంలో డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయి చూడండి. ఈగలపెంట దాటాక ఘాట్‌లో మబ్బు రోడ్డు మీదికి దిగుతుంది, కార్లో నలుగురి ఊపిరికి అద్దం తెల్లగా మూసుకుపోతుంది. ఏసీ ఒక్కటే వేస్తే కొంత తేటబడుతుంది. ఏసీతో పాటు నాబ్‌ను వేడి వైపు తిప్పి గాలిని అద్దం మీదికి వదిలితే చాలా త్వరగా తేటబడుతుంది. చలికాలం పొద్దున నార్కట్‌పల్లి, చిట్యాల వైపు హైవే మీద పొగమంచులోనూ అంతే. ఇంకొకటి, ఎండాకాలం ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతుందనుకోండి. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెడితే ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. కార్లో కూర్చున్నవాళ్లకు ఉడికిపోతుంది, నిజమే. కానీ బండి పక్కకు ఆపుకునేంత సేపు అది ఇంజిన్‌ను కాపాడుతుంది.

కాబట్టి బైపాస్‌ను తాత్కాలికం అనే లెక్కలో పెట్టండి. పార్టు వచ్చేదాకా బండి నడవాలంటే చేసుకోవచ్చు. అప్పుడు కూడా రెండు పైపుల మూతులకు బోల్టులు దిగ్గొట్టి మూసేయొద్దు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయని వాల్వ్) మూసి ఉన్నప్పుడు కూలెంట్ తిరిగే దారి ఇదే. ఒకే పైపు ముక్కతో రెండింటినీ కలిపి, క్లిప్పులు బిగించి, సైలెన్సర్ మానిఫోల్డ్‌కు తగలకుండా కట్టాలి.

నిజంగా కోరేనా?

డ్యాష్‌బోర్డ్ దింపడం పెద్ద పని. అనుమానం తీరకుండా మొదలుపెట్టొద్దు. కార్పెట్ తడికి ఎక్కువసార్లు కారణం ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోవడమే. తెల్లటి పాత బట్ట తీసుకుని తడి మీద గట్టిగా అద్దండి. ఏసీ నీళ్లయితే రంగూ వాసనా ఉండవు, వేళ్లకు మామూలు నీళ్లలాగే తగులుతాయి. కూలెంట్ అయితే బట్టకు పచ్చగానో గులాబీగానో అంటుతుంది, వేళ్ల మధ్య జారుతుంది. నాలుకకు తగిలించి చూడటం మాత్రం వద్దు, అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం.

తర్వాత ఇంజిన్ వైపు నుంచి చూడండి. హీటర్ పైపులు ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకులోంచి లోపలికి దూరే చోట క్లిప్పు వదులై కారుతున్నా, ఆ తడి ఒక్కోసారి లోపలికే పాకుతుంది. అదే కారణమైతే స్క్రూడ్రైవర్‌తో అయిపోయే పని.

గట్టి రుజువు కావాలంటే ప్రెషర్ పరీక్ష చేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, దాని స్థానంలో గేజీ ఉన్న చేతి పంపు బిగిస్తారు. మూత మీద 0.9 అనో 1.1 అనో ఒత్తిడి అంకె (బార్‌లలో) ఉంటుంది. అంతవరకే గాలి కొట్టి పావుగంట చూడాలి. ముల్లు దిగుతూ, బయట ఎక్కడా తడి కనబడకుండా, కార్పెట్ మీదికి చుక్కలు వస్తే ఇక అనుమానం లేదు. ఆ పంపు గ్యారేజీల్లో ఉంటుంది, చిన్నాయన తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చారు. దొరకకపోతే బైపాస్ వేసి కొన్నాళ్లు నడపండి. కూలెంట్ తగ్గడం ఆగిపోతే అది కోరే. అప్పుడూ తగ్గుతూ, సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు పలక) సంగతి చూపించుకోండి.

రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని లారీల దగ్గర ఎప్పటి నుంచో ఒక చిట్కా ఉంది. షాపుల్లో లీకు ఆపే మందులు కూడా అమ్ముతారు. రోడ్డు మధ్యలో వేరే దిక్కు లేనప్పుడు సరే. కానీ ఆ పొడి ముందుగా పేరుకునేది కోర్‌లోని సన్నటి గొట్టాల్లోనే. కొత్తది వేసే ఆలోచన ఉన్నవాళ్లు అది అస్సలు వేయొద్దు.

ఎందుకు పాడైంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కారణం వదిలేసి కోర్ మాత్రం మారిస్తే కొత్తదీ పాతదాని దారినే పోతుంది.

తీసిన కోర్‌ను నేను హ్యాక్‌సా బ్లేడుతో అడ్డంగా కోసి చూశాను. చపటా గొట్టాల లోపల తెల్లగా, అక్కడక్కడా పసుపు చారలతో గట్టి పొర కట్టి ఉంది. నీళ్లు కాగబెట్టే కరెంటు రాడ్ మీద పేరుకునే పొట్టు ఎట్లుంటదో అచ్చం అట్లనే. దాన్ని గీకి వాచ్ గ్లాసులో వేసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే బుసబుసా పొంగింది. అంటే కార్బొనేట్, బోరు నీళ్ల కాఠిన్యం. ఆ పొర కిందే గుండుసూది మొనంత రంధ్రాలు కనిపించాయి.

నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నాగ్‌పూర్ నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, పిల్లలకు పాఠంలో చెబుతుంటాను. బండికి చేటు చేసేది మాత్రం ఆ నీళ్లలోనే ఉండే వేరే సరుకు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలిన చోట పొర కడతాయి. క్లోరైడ్లు అల్యూమినియాన్ని చుక్కలు చుక్కలుగా తినేస్తాయి. కూలెంట్‌లో తుప్పు పట్టనీయని రసాయనాలు ఉంటాయి. బోరు నీళ్లు కలిపినకొద్దీ అవి పలచబడతాయి, ఏళ్లు గడిచినకొద్దీ అయిపోతాయి. కోర్ గొట్టాలు సన్నవి కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుంది. మన హైవేల మీద హోటల్ ముందు బండి ఆపి, డ్రమ్ములో నీళ్లు జగ్గుతో ముంచి రేడియేటర్‌లో పోయడం ఎంత మామూలో అందరికీ తెలుసు. నా బాధంతా దాని గురించే. భగీరథ నల్లా నీళ్లు తాగడానికి మంచివే, రేడియేటర్‌కు మాత్రం అవి కూడా పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది. ఆమ్లం, గీమ్లం కలిపిన బ్యాటరీ నీళ్లు కాకుండా ఉత్త డిస్టిల్డ్ వాటరే అడిగి తీసుకోండి.

పొర కరిగించాలని రేడియేటర్‌లో ఆమ్లం పోసేవాళ్లున్నారు. అల్యూమినియం కూడా దాంతోపాటే కరుగుతుంది. ఆ పని చేయొద్దు.

సామాన్లు

కోర్ కొనేటప్పుడు మోడల్‌తో పాటు తయారైన సంవత్సరం, ఏసీ రకం కూడా చెప్పండి. ఒకే పేరున్న బండికి రెండు మూడు రకాల కోర్‌లు ఉంటాయి. ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకొచ్చు. పాతది ఇత్తడిదైతే రేడియేటర్ పనిచేసేవాళ్లు టంకం పెట్టి ఇస్తారు. అల్యూమినియందైతే అతుకుల జోలికి పోకుండా కొత్తదే వేయండి. డ్యాష్‌బోర్డ్ దింపే కష్టం మళ్లీ పడటం ఎవరివల్లా కాదు. కోర్‌తో పాటు రెండు హీటర్ పైపులు, నాలుగు క్లిప్పులు, ఉంటే ఓ-రింగులు (పైపు కీళ్లలో వేసే రబ్బరు రింగులు), వెనక అంటు ఉన్న ఫోమ్ పట్టీ, బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్ కూడా తెచ్చిపెట్టుకోండి. పైపు కొనడానికి పాత ముక్క పట్టుకుపోతే కొలత తప్పదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్ని బండ్లలో హీటర్ డబ్బా, ఏసీ కూలింగ్ కాయిల్ డబ్బా వేర్వేరుగా ఉంటాయి, మాది అలాంటిదే. రెండూ ఒకటే డబ్బాలో ఉంటే ఏసీ పైపులు విప్పక తప్పదు. ఆ గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది, చేతికి తగిలితే చర్మం గడ్డకట్టి గాయమవుతుంది. ముందే ఏసీ మెకానిక్ దగ్గర మిషన్‌తో గ్యాస్ తీయించి తెచ్చుకోండి, ఇంట్లో విప్పొద్దు. ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం పది నిమిషాలు, పుస్తకంలో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అంతసేపు ఆగాలి. పసుపు రంగు కనెక్టర్ల మీద మీటరు పెట్టి చూడకూడదు. ఆ భాగం తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ఈ పని గ్యారేజీకే ఇవ్వండి.

విప్పడం

తెల్లవారుజామున మొదలుపెట్టండి. రాత్రంతా నిలబడ్డ ఇంజిన్ చల్లగా ఉంటుంది, ఎండ ముదరకముందే బరువు పనులు అవుతాయి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుంది. ఎంత తొందరున్నా ఆ ఒక్కటి చేయొద్దు.

బ్యాటరీ నెగటివ్ తీశాక రేడియేటర్ కింద డ్రెయిన్ వదులు చేసి కూలెంట్‌ను టబ్బులోకి దింపండి. చిన్న కార్లలో నాలుగైదు లీటర్ల దాకా ఉంటుంది. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, నాకితే కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. కోళ్లు, మేకలు తిరిగే వాకిలి అయితే ఇంకా జాగ్రత్త. వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టి, పిల్లలకు అందని చోట ఉంచి, పాత కూలెంట్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి. మోరీలో పోయొద్దు.

ఇప్పుడు హీటర్ పైపులు. ఏళ్ల తరబడి వేడికి అవి కోర్ మూతికి అతుక్కుపోయి ఉంటాయి. నేను పట్టుకుని తిప్పబోతుంటే చిన్నాయన ఆపారు: "గుంజకు బిడ్డా, కొయ్యి." బ్లేడుతో పైపును నిలువునా చీరి, చీలికలోకి వేలు పెట్టి విప్పితే అరటితొక్క లెక్క ఊడొచ్చింది. పాత పైపు ఎలాగూ పారేసేదే. ఎగిరెగిరి లాగితే రేకు దగ్గర వేరే భాగాలు దెబ్బతింటాయి, లోపలి డబ్బా కూడా పగులుతుంది. పైపులు తీశాక ఒక మూతికి చిన్న గొట్టం తగిలించి మెల్లగా ఊదండి, నోటితో మాత్రం కాదు, పంపుతో. లోపల మిగిలిన కూలెంట్ రెండో మూతిలోంచి బకెట్‌లోకి వస్తుంది. తర్వాత రెండు మూతులకూ గుడ్డ కుక్కండి. ఇట్లా చేస్తే డబ్బా బయటికి తీసేటప్పుడు కార్పెట్ మీద ఒలకదు.

డ్యాష్‌బోర్డ్ విషయంలో ప్రతి బండికీ వరస వేరు. మొత్తం మీద ముందు సీట్లు తీసేస్తే చోటు దొరుకుతుంది, నడుము నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత గ్లవ్ బాక్స్, మధ్య కన్సోల్, స్టీరియో, ఏసీ నాబుల ప్యానెల్, మీటర్ బోర్డు తీసి, స్టీరింగ్ కాలమ్ కిందికి దించాలి. నాబుల నుంచి పోయే కేబుళ్లు క్లిప్పులో ఏ చోట పట్టి ఉన్నాయో మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఆ గీత లేకపోతే తర్వాత చల్లగాలి, వేడిగాలి సరిగ్గా మారవు. వైర్ కనెక్టర్లను వైరు పట్టుకుని లాగొద్దు, లాక్ నొక్కి తీయాలి. మన ఎండల్లో ఏళ్లు నిలబడ్డ బండి ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. ఇనుప స్క్రూడ్రైవర్ బదులు చెక్క స్కేలు పెట్టి లేపితే గీతలు పడవు, క్లిప్పులు విరగవు.

స్క్రూలకు గుడ్ల ట్రే అన్నింటికన్నా మేలు. ఒక్కో గుంటలో ఒక్కో భాగం స్క్రూలు వేసి పక్కన మార్కర్‌తో పేరు రాశాం. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే వెనక ఉన్న వైరును పొడుస్తుంది, అందుకే కలిసిపోనీయొద్దు. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి, వైరు ఏ పైపు వెనక నుంచి పోయిందో కనబడేలా.

డ్యాష్‌బోర్డ్ ఒంటరిగా ఎత్తే వస్తువు కాదు, ఇద్దరు కావాలి. ఎత్తేటప్పుడు రాకపోతే ఎక్కడో ఇంకో బోల్టు మిగిలిందనే అర్థం. అద్దం అంచున, తలుపు వైపు చిన్న మూతల కింద వెతకండి.

హీటర్ డబ్బా బోల్టులు తీసి బయటికి తెచ్చాక, చుట్టూ ఉన్న స్క్రూలు, స్టీలు క్లిప్పులు విప్పితే రెండుగా తెరుచుకుంటుంది. మాదాంట్లో పిడికెడు ఎండిన వేపాకులు, పొడి పొడిగా రాలిపోతున్న ఫోమ్ దొరికాయి. ఆ ఫోమ్ ఉత్తదే కదా అని వదిలేయొద్దు. అది లేకపోతే గాలి కోర్ లోంచి పోకుండా పక్కల నుంచి పోతుంది. డబ్బాను సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలక రెండు వైపులా ఆడుతోందో లేదో చేత్తో తిప్పి చూసి, కొత్త ఫోమ్ అంటించండి.

కొత్తది పెట్టే ముందు

కొత్తదని నమ్మి అట్లనే బిగించొద్దు. ఒక మూతి రబ్బరు బిరడాతో మూసి, రెండో మూతికి పైపు ముక్క, గేజీ ఉన్న గాలి పంపు తగిలించి, నీళ్ల బకెట్‌లో ముంచండి. రేడియేటర్ మూత మీది అంకెకు మించకుండా గాలి కొట్టి చూడండి. మొదట రెక్కల మధ్య చిక్కుకున్న గాలి బుడగలుగా వస్తుంది, కంగారు పడొద్దు, కాసేపటికి ఆగుతుంది. ఆగకుండా ఒకే చోటు నుంచి వరసగా వస్తుంటే షాపుకు తిరిగి ఇచ్చేయండి.

కోర్ తనంతట తాను జారి కూర్చోవాలి, నెట్టితే రెక్కలు వంగుతాయి. ఓ-రింగులకు, పైపులకు కొద్దిగా కూలెంట్ రాయండి. నూనె, గ్రీజు రాస్తే ఆ రకం రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

డబ్బా బిగించి, పైపులు తగిలించి, కూలెంట్ దారంతా డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, డ్యాష్‌బోర్డ్ పెట్టకముందే ప్రెషర్ పంపు మళ్లీ పెట్టండి. ముల్లు పావుగంట కదలకుండా నిలబడాలి. కీళ్ల దగ్గర టిష్యూ పేపర్ చుట్టి చూస్తే చిన్న చెమ్మ కూడా తెలుస్తుంది. చిన్నాయన ఈ దశలో గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, చాయ్ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. డ్యాష్‌బోర్డ్ మళ్లీ దింపే కష్టం ముందు ఆ గంట ఏపాటిది!

ఈలోపు కార్పెట్, దాని కింది మందపాటి ఫెల్టు రెండూ బయటికి తీసి కడిగి ఎండబెట్టండి. ఫెల్టులో కూలెంట్ మిగిలితే వాసన పోదు, కింద రేకు తుప్పు పడుతుంది. మన మే నెల ఎండకు ఒక్కరోజులో గలగలలాడుతుంది. అద్దం మీది జిడ్డు మాత్రం ఒక్కసారికి పోదు, గ్లాస్ క్లీనర్‌తో శుభ్రమైన బట్టలు మార్చి మార్చి తుడవాలి.

నింపడం

పరీక్షకు పోసిన నీళ్లు దింపేయండి. రంగు వస్తుంటే, తేటగా వచ్చేదాకా మళ్లీ పోసి దింపండి. ఆ నీళ్లు కొన్ని లోపల ఉండిపోతాయి కాబట్టి, గాఢమైన కూలెంట్ కొన్నవాళ్లు మొత్తం పట్టే కొలతలో సగం కూలెంట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే సగం సగం లెక్క సరిపోతుంది. కలిపి అమ్మేదాంట్లో మళ్లీ నీళ్లు కలపొద్దు. పచ్చదీ ఎర్రదీ అని రంగు చూసి కొనొద్దు. రంగు కంపెనీ ఇష్టం, రకం ముఖ్యం.

హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు పెట్టి, బండి ముందుభాగం ఎత్తుగా ఉండేలా నిలబెట్టి, సన్నటి ధారగా పోయండి. గాలి తీసే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు ఆగాక బిగించండి. మూత తీసి ఉంచాలా, పెట్టాలా అన్నది మీ పుస్తకంలో చూసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. థర్మోస్టాట్ తెరుచుకుని ఫ్యాన్ తిరిగేదాకా నడపాలి. రెండు హీటర్ పైపులనూ చేత్తో జాగ్రత్తగా తాకి చూడండి, రెండూ వేడిగా ఉండాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల గాలి చిక్కుకుందని, లేదంటే హీటర్ వాల్వ్ తెరుచుకోలేదని. చల్లారనిచ్చి, తగ్గినంత పోసి మళ్లీ నడపండి.

వారం దాకా రోజూ పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, ట్యాంకులో మట్టం చూడండి. మొదటి ఒకటి రెండు సార్లు కొద్దిగా దిగుతుంది, మిగిలిన గాలి బయటికి వచ్చి. ఆ తర్వాత గీత దగ్గరే నిలబడాలి. పాత రకం పచ్చ కూలెంట్‌ను సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. తేదీని బానెట్ లోపల స్టిక్కర్ మీద రాసి అంటించండి. సగం సగం కలిపిన కూలెంట్ ఒక లీటరు సీసాలో పోసి, పైన పేరు రాసి, డిక్కీలో పెట్టండి. బండి ఇంకెవరైనా తీసుకుపోతుంటే అది ఎక్కడుందో చెప్పి పంపండి. నేను మా తమ్ముడికి, ఊరికి పోయేటప్పుడల్లా, తాళంచెవి ఇచ్చే ముందే చెబుతాను.